ఒకే ఇంట్లో మూడు దేశాల ఊసరవెల్లులు

కడప జిల్లాలో సిద్ధవటం దాటి బద్వేలు దారి పట్టినవాళ్లకు లంకమల కొండలు తోడుగా వస్తాయి. కొండల అడుగున ఎక్కడ చూసినా రేగు, బలుసు, తుమ్మ, కలివి పొదలే. సుమారు 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ కంపల్లోనే. ఆ పిట్ట పేరుమీద లంకమల ప్రపంచానికి తెలిసింది. అదే కంపల్లో, మనిషి భుజం ఎత్తున, కొమ్మను పట్టుకుని కదలకుండా కూర్చునే ఇంకో ప్రాణి ఉంది. దాని పక్కనుంచే వందలమంది నడిచిపోతారు గానీ చూసేవాళ్లు తక్కువ. అది మన ఊసరవెల్లి.

ప్రపంచంలో ఊసరవెల్లి జాతులు రెండు వందలకు పైనే ఉన్నాయి. వాటిలో దాదాపు సగం ఒక్క మడగాస్కర్ దీవిలోనివి. భారతదేశానికి దక్కింది మాత్రం ఒకే ఒక్క జాతి. 1768లో లారెంటి అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తోకతో కలిపి కొలిస్తే పెద్దవి మూరెడుకు కాస్త తక్కువ ఉంటాయి. గంగకు దక్షిణాన ఎండు అడవుల్లో, తోటల్లో, చేల గట్ల మీద, కంచెల్లో బతుకుతాయి. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలు వాటికి సొంత ఇల్లు.

ఈమధ్య పట్టణాల్లో, ముఖ్యంగా కుర్రకారులో ఒక కోరిక బలపడుతోంది. కుక్కనో చిలుకనో కాకుండా ఊసరవెల్లిని పెంచాలని, అదీ ఒకటి కాదు, రెండు మూడు రకాలు పెంచాలని. ఫోన్లలో వీడియోలు చూస్తారు. పచ్చగా, నీలంగా, ఎర్రగా మెరిసే ఆ జీవిని చూసి మనసు పడటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ రంగుల వెనుక ఒక్కో జాతికి ఒక్కో దేశపు ఎండ, గాలి, వాన ఉన్నాయి. కర్నూలులో ఒక ఇంట్లో మూడు జాతులను పెంచడమంటే ఆ ఇంట్లో మూడు వాతావరణాలను ఏడాది పొడుగునా నిలబెట్టడమే.

పెంపకం మాటకు ముందు, ఊసరవెల్లిగా పొరబడే తొండ సంగతి. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన పల్లెల్లో సామెత. నిజానికి రెండూ వేర్వేరు కుటుంబాలు. తొండకు సన్నని వేళ్లు, ఒంటినిండా గరుకు పొలుసులు ఉంటాయి, బెదిరితే పరుగు తీస్తుంది. జత కట్టే కాలంలో మగ తొండ తల, గొంతు ఎర్రబడతాయి. బండల మీద తిరిగే రాతి తొండ మగదైతే ఆ కాలంలో వీపంతా నారింజ ఎరుపుకు తిరుగుతుంది. చాలామంది ఊసరవెల్లి అని చూపించేది ఈ రెంటిలో ఒకదాన్నే.

అసలు ఊసరవెల్లిని దగ్గరగా చూస్తే మళ్లీ పొరబడటం ఉండదు. దాని కాలి వేళ్లు రెండొకవైపు, మూడొకవైపు కలిసిపోయి పట్టుకారులా కొమ్మను బిగిస్తాయి. తోక చివర చుట్ట చుట్టుకుని ఐదో కాలు పని చేస్తుంది. బల్లి తోకలా కాదు, అది తెగితే మళ్లీ రాదు, అసలు తెంచుకునే ఏర్పాటే దానికి లేదు. అడుగు వేసేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, గాలికి ఊగే ఆకులో కలిసిపోతుంది. కళ్లు రెండూ గోపురాల్లా బయటికి పొడుచుకుని ఉంటాయి, నడిమధ్య చిన్న రంధ్రం మాత్రమే తెరిచి ఉంటుంది. ఒక కన్ను పైన గద్దను కనిపెడుతుంటే ఇంకోటి కింద మిడత మీద ఉంటుంది. వేట కుదిరిందనుకున్న క్షణంలో రెండు కళ్లూ ఒకేచోటికి తిరుగుతాయి. నోరు కొద్దిగా తెరుచుకుంటుంది, నాలుక మొన బయటికి వస్తుంది, రెప్పపాటులో మిడత నోట్లో ఉంటుంది. ఆ నాలుక చాచితే ఒంటి పొడవును మించుతుంది. నాలుక మీది జిగురు మన లాలాజలం కంటే సుమారు 400 రెట్లు చిక్కగా ఉంటుందని 2016లో బెల్జియం, ఫ్రాన్సు పరిశోధకులు కొలిచి చెప్పారు.

రంగు మార్పు మీద కూడా పాత నమ్మకాలు చాలా ఉన్నాయి. ఏ వస్తువు మీద కూర్చుంటే ఆ రంగుకు మారుతుందనేది అందులో ఒకటి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయంలో మిషెల్ మిలింకోవిచ్ బృందం మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి చర్మాన్ని పరీక్షించి అసలు కిటుకు బయటపెట్టింది. చర్మ కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరుసలు కట్టి ఉంటాయి. జీవి ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలం కాంతిని వెనక్కి పంపుతాయి, పైనున్న పసుపు వర్ణంతో అది కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. మరో మగది ఎదురుపడి రేగిపోతే స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది, పసుపు, నారింజ, ఎరుపు బయటికొస్తాయి. చలి పొద్దున ఒళ్లు నల్లబరచుకుని, పక్క చదును చేసి ఎండకు తిరగడం ఇంకో అవసరం. అంటే రంగు ఆ జీవి మాట. పెంచేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఆ మాటనే. మిట్టమధ్యాహ్నం నల్లగా, ముడుచుకుని, కళ్లు మూసుకుని ఉన్న ఊసరవెల్లి నిద్రపోతోందని మురిసిపోకూడదు. అది జబ్బుతోనో భయంతోనో ఉంది.

ఇక చట్టం. మన అడవి ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. జైలు శిక్ష, జరిమానా రెండూ ఉన్నాయి. చేలో దొరికింది కదా, నాలుగు రోజులు చూసి వదిలేద్దామనే మాటకు కూడా చట్టంలో చోటు లేదు. విదేశీ జాతుల లెక్క వేరు. అంతరించిపోయే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌లో భారతదేశం 1976 నుంచి ఉంది. ఇళ్లలో పెంచే యెమెన్, పాంథర్, జాక్సన్ ఊసరవెల్లులు మూడూ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో మన చట్టాన్ని సవరించి ఆ ఒప్పందాన్ని ఇందులోకి తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం ఇలాంటి జీవులు ఎవరి దగ్గర ఉన్నా ఆ శాఖ పరివేష్ పోర్టల్ ద్వారా నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి. కాగితాలు చూపలేని అమ్మకందారు దగ్గర కొన్న జీవి చాలావరకు విమానాశ్రయాల్లో పెట్టెల అడుగున దాక్కుని వచ్చిందే అయి ఉంటుంది. చెన్నై, బెంగళూరు కస్టమ్స్ అధికారులు ఇలాంటి సరుకును పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. ఆ ప్రయాణంలో బతికినవాటికంటే చచ్చినవాటిని తలుచుకుంటే ఆ కొనుగోలుకు చెయ్యి రాదు.

కాగితాలన్నీ సక్రమంగా ఉండి, మూడు జాతులూ ఇంటికి వచ్చాయనుకుందాం. వాటి పుట్టిళ్లు ఎక్కడో చూద్దాం.

యెమెన్ ఊసరవెల్లి యెమెన్, సౌదీ అరేబియా కొండ అంచులది. తలమీద ఎత్తైన మకుటం దాని గుర్తు. మూడింటిలో మొండిది, మన ఎండను కొంత ఓర్చుకునేది ఇదే. ఎండ కాచుకునే చోట 32 నుంచి 35 డిగ్రీలు ఉండి, పంజరం కింది భాగం 25 దగ్గర ఉంటే దానికి సుఖం. పురుగులతోపాటు ఆకులు కూడా కొరుకుతుంది.

పాంథర్ ఊసరవెల్లి మడగాస్కర్ ఉత్తర, తూర్పు తీరాలది. ఒక్కో రేవు చుట్టుపక్కల ఒక్కో రంగు, ఒకచోట నీలం, ఇంకోచోట ఎరుపు. దానికి వెచ్చదనంతోపాటు గాలిలో తేమ కావాలి. మడగాస్కర్ నుంచి అడ్డూ అదుపూ లేకుండా సాగిన ఎగుమతిని చూసి 1995లో సైటిస్ ఆ దీవి ఊసరవెల్లుల వ్యాపారాన్ని నాలుగు జాతులకు మాత్రమే పరిమితం చేసింది. ఆ నాలుగింటిలో పాంథర్ ఒకటి.

జాక్సన్ ఊసరవెల్లిది కెన్యా, టాంజానియా కొండసీమ. మగదానికి ముఖం మీద మూడు కొమ్ములు ఉంటాయి. గుడ్లు పెట్టదు, కడుపులోనే పెంచి పిల్లలను కంటుంది. పగలు 21 నుంచి 27 డిగ్రీలు, రాత్రి 15 దరిదాపుల్లోకి దిగే చల్లదనం దానికి ప్రాణం.

ఇప్పుడు కర్నూలు మే నెలను ఇందులో పెట్టి చూడండి. పగలు 40 దాటడం మామూలు, డాబా ఇంట్లో గోడలు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతాయి. జాక్సన్ ఊసరవెల్లి ఆ రాత్రిని తట్టుకోలేదు. ఏసీ గదిలో పెడితే గాలి ఎండిపోతుంది, తేమ కోసం యంత్రం పెట్టాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండాలి. కూలర్ పెట్టి తలుపులు మూస్తే తేమ నిలవ ఉండి పాంథర్‌కు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. ఒకదానికి మేలైన గది ఇంకోదానికి రోగం. రాయలసీమలో జాక్సన్‌ను పెంచాలనుకునేవారికి అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఇచ్చే సలహా ఒక్కటే, ఆ ఆలోచన మానుకోమని.

జాతి ఏదైనా కొన్ని నియమాలు మారవు. మొదటిది ఏకాంతం. ఊసరవెల్లి గుంపు జీవి కాదు. రెండు మగవి ఎదురుపడితే పోట్లాట, మగా ఆడా ఎప్పుడూ కలిసి ఉంటే ఆడదానికి వేధింపు. ఒకదాన్ని ఒకటి అద్దంలోంచి చూస్తున్నా చాలు, తిండి మానేస్తాయి. అందుకని ఒక్కోదానికి ఒక్కో పంజరం, మధ్యలో అడ్డు తెర ఉండాలి. ఒక పంజరంలో వాడిన చేతులు, పాత్రలు కడగకుండా ఇంకో పంజరంలో పెట్టకూడదు. కొత్తగా వచ్చినదాన్ని కొన్ని వారాలు వేరే గదిలో ఉంచి, మల పరీక్ష చేయించి, పరాన్నజీవులు లేవని తేలాకే మిగతావాటి దగ్గరికి చేర్చాలి.

పంజరం వెడల్పుకంటే ఎత్తు ఎక్కువ ఉండాలి. పెరిగిన యెమెన్ మగదానికి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు తక్కువలో తక్కువ. గాజు పెట్టెకంటే నాలుగువైపులా జాలీ ఉన్నది మేలు, గాలి ఆడుతుంది. లోపల అడ్డంగా, ఏటవాలుగా, వేలెడు మందం కొమ్మలు, దాక్కోవడానికి దట్టమైన ఆకులు ఉండాలి. మనిషి ముఖం కంటే ఎత్తులో కూర్చునే వీలుంటే దానికి ధైర్యం.

నీళ్ల దగ్గరే చాలా ప్రాణాలు పోతాయి. గిన్నెలో పోసిన నీళ్లను ఊసరవెల్లి నీళ్లుగా గుర్తించదు. ఆకు మీద జారే చుక్కను చూస్తేనే తాగుతుంది. సీమ రైతుకు డ్రిప్ సంగతి చెప్పనక్కర్లేదు. బత్తాయి మొదలుకు చుక్కచుక్కగా అందించినట్టే ఇక్కడా పైన డబ్బా పెట్టి, సన్నని గొట్టం ద్వారా ఆకుల మీదికి చుక్కలు వదలాలి. పొద్దున, సాయంత్రం పొగమంచులా నీళ్లు చల్లాలి, మధ్యలో ఆకులు ఆరిపోవాలి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ గనుక నాజిళ్లు పూడుకుపోతాయి, వడకట్టిన నీళ్లు వాడుకోవాలి. జీవి కళ్లు లోపలికి పోయినా, విసర్జనలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగినా దాహంతో ఉందని అర్థం.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. చర్మం మీద అతినీలలోహిత బి కిరణాలు పడితేనే దాని ఒంట్లో డి3 విటమిన్ తయారై కాల్షియం ఎముకలకు పడుతుంది. కిటికీ పక్కన పంజరం పెట్టి ఎండ తగులుతోంది కదా అనుకుంటే లాభం లేదు, మామూలు గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. యూవీబీ ట్యూబులైటు వెలుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ నెలలు గడిచేకొద్దీ ఆ కిరణాల శక్తి తగ్గిపోతుంది, ఆరునెలల నుంచి ఏడాది లోపల మార్చాలి. ఈ జాగ్రత్త తప్పిన ఇళ్లలో కనిపించేది ఎముకల జబ్బు. కాళ్లు విల్లులా వంగుతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, నాలుక చాపలేక ఆకలితో కూర్చుంటుంది. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. పొద్దున ఎండలో జాలీ పంజరాన్ని నీడ కూడా ఉండేలా కాసేపు బయట పెట్టడం మంచిదే, అయితే వేసవిలో ఎనిమిది గంటల లోపే లోపలికి తెచ్చేయాలి.

తిండికి కీచురాళ్లు, మిడతలు, పెంపుడు బొద్దింకలు. మన దగ్గర ఇంకో సౌలభ్యం పట్టుపురుగు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు ఉన్నారు, మల్బరీ ఆకు తిన్న మెత్తని పురుగు ఊసరవెల్లికి మేలైన ఆహారం. పురుగులకు ముందురోజు ఆకుకూర, క్యారెట్టు తినిపించి, పైన కాల్షియం పొడి పలచగా చల్లి ఇవ్వాలి. చేలో పట్టిన మిడతలు మాత్రం వద్దు. ఆదోని, ఎమ్మిగనూరు పత్తి చేలల్లో పడే మందు మిడత కడుపులోంచి నేరుగా దీని కడుపులోకి పోతుంది. మిణుగురు పురుగు ఒక్కటి కూడా పెట్టకూడదు, దానిలోని విషం బల్లి జాతి జీవులను చంపుతుంది.

ఆడదాన్ని పెంచేవారు మరిచిపోకూడనిది గుడ్ల సంగతి. యెమెన్ ఆడది మగది లేకున్నా గుడ్లు పెడుతుంది. ఒక్కో కాన్పుకు ఇరవై నుంచి డెబ్భై దాకా ఉండవచ్చు. అడుగు లోతు తడి ఇసుక ఉన్న తొట్టి పెట్టకపోతే గుడ్లు కడుపులోనే ఆగిపోయి ప్రాణం పోతుంది. తవ్వుతున్నప్పుడు ఎవరూ కనిపించకూడదు, కనిపిస్తే మానేస్తుంది. మగదానితో కలిసి పెట్టిన గుడ్లు పిగలడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. ఆ పిల్లలు ఒక్కొక్కటి పెద్దయ్యేకొద్దీ ఒక్కొక్క పంజరం అడుగుతుంది. జబ్బు చేస్తే చూపించడానికి పాములు, బల్లుల వైద్యం తెలిసిన డాక్టరు ఎవరో ముందే కనుక్కోవాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతి వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందే నడుస్తోంది. అక్కడ అడిగితే దారి దొరకవచ్చు.

ఇంత చేయలేక కొందరు పెంచినదాన్ని తోటలో వదిలేస్తారు. దాని ఫలితం ప్రపంచానికి తెలుసు. 1972లో హవాయి దీవుల్లో ఒక పెంపుడు జంతువుల వ్యాపారి తెప్పించిన జాక్సన్ ఊసరవెల్లులు తోటలోంచి బయటపడ్డాయి. అక్కడి చల్లని కొండలు వాటికి నచ్చాయి. ఇప్పుడవి అక్కడి స్థానిక పురుగులను, నత్తలను తింటూ స్థిరపడ్డాయి. ఫ్లోరిడాలో యెమెన్ ఊసరవెల్లిదీ అదే కథ. యెమెన్ జాతి మన సీమ ఎండను ఓర్చుకుంటుంది కాబట్టి ఆ ప్రమాదం ఇక్కడ ఊహ కాదు. దాంతోపాటు వచ్చే పరాన్నజీవులు మన ఊసరవెల్లికి అంటితే దాన్ని కాపాడేవాళ్లు ఉండరు.

అందుకే ఊసరవెల్లుల మీద నిజమైన ప్రేమ ఉన్నవారికి కర్నూలు, కడపల్లో ఇంటికంటే బయటే పని ఎక్కువ. మన జాతి గురించి తెలుసుకోవలసింది ఇంకా ఎంతో ఉంది. మొసళ్ల సంరక్షణలో పేరున్న బస్టర్డ్, సింగ్, నందన్‌కానన్ జంతుప్రదర్శనశాల పశువైద్యుడు ఆచార్జ్యో కలిసి దాని సంతానోత్పత్తి మీద రాసిన వ్యాసం 1984లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. అలాంటి పరిశీలన మన చేల గట్ల మీద ఎవరైనా చేయవచ్చు. పట్టుకోకుండా, దూరంనుంచి, తేదీ, చోటు, కూర్చున్న చెట్టు, ఆ సమయంలో ఉన్న రంగు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. బడిపిల్లలకు ఇది మంచి పని.

దానికి కావలసినవి చాలా చిన్నవి. చేను చుట్టూ ఉన్న రేగు, బలుసు కంచెను నరికి ఇనుప తీగ వేసే ముందు ఒక్కవైపైనా పచ్చ కంచెను ఉంచండి. గట్టుమీద కంపకు నిప్పు పెట్టే అలవాటు మానండి, చురుగ్గా పరుగెత్తలేని ఈ జీవి మంటలోనే కాలిపోతుంది. ఆడది నేలకు దిగి మెత్తని మట్టిలో గుంట తీసి, పదీ ఇరవై గుడ్లు పెట్టి, పూడ్చి పోతుంది. ఆ కాలంలో వంక ఒడ్డున, గట్టు వారన నేలను కదిలించకుండా ఉంటే అవి పిల్లలవుతాయి. విషజంతువని రాళ్లు వేసే పిల్లలకు ఒక్క మాట చెప్పండి, దీనికి విషం లేదు, దాని ఉమ్ము తగిలితే ఏమీ కాదు, పగలంతా అది తినేది మన పైరును తినే మిడతలనే.

రోడ్డు దాటుతూ కనిపిస్తే చేత్తో పట్టి లాగకండి. తోక పట్టి ఎత్తితే ఎముక విరుగుతుంది. ఒక పుల్లను దాని ముందుకాళ్ల కింద పెట్టండి, అదే ఎక్కుతుంది. ఎటువైపు పోతోందో అటువైపే, రోడ్డుకు పది గజాల లోపల ఒక పొదమీదికి చేర్చండి. దూరంగా తీసుకెళ్లి వదిలితే దానికి తెలిసిన చోటు పోతుంది. గాయపడినదైతే గాలి ఆడే అట్టపెట్టెలో ఒక కొమ్మతోపాటు ఉంచి, నీడలో పెట్టి, దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయానికి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకండి, ఆకు మీద రెండు చుక్కలు చల్లితే అది తనంతట తాను తాగుతుంది.